హయత్‌నగర్ నుంచి బర్ధమాన్ దాకా: ఒక బెంగాలీ చానెల్ వెంట

2025 జనవరి 11, శనివారం: గరియా (కోల్‌కతా)

బెంగాలీ ఇంట్లో వడ్డనకు ఒక వరస ఉంటుంది. ముందు చేదు: కాకరకాయ, ములక్కాడ, అరటికాయ కలిపి, పాలు పోసి వండే శుక్తో. తర్వాత పప్పు, పక్కన వంకాయ వేపుడు. ఆ తర్వాత చేప. చివర్లో తియ్యటి టమాటా చట్నీ, అప్పడం, మిఠాయి. నేను మన అలవాటు కొద్దీ అన్నీ ఒకేసారి కంచంలోకి లాక్కోబోతుంటే వదిన గరిటె అడ్డం పెట్టింది. "పప్పు అయ్యేదాకా చేప రాదు. హయత్‌నగర్‌లో మీ అమ్మగారింట్లో నేను రసం తర్వాత పెరుగు అని నేర్చుకోలేదా?" అంది, ఇప్పటికీ చెక్కుచెదరని తెలుగులో.

వదిన, దాదా (బెంగాలీలో అన్నయ్య) ఒకప్పుడు హయత్‌నగర్‌లో మా పై వాటాలో అద్దెకు ఉండేవారు. ఆయన ఈటీవీ బంగ్లా వార్తల డెస్కులో పనిచేసేవాడు. హయత్‌నగర్, వనస్థలిపురం వీధుల్లో ఆ రోజుల్లో ఇలాంటి కుటుంబాలు చాలా ఉండేవి. బెంగాలీలు, ఒడియావాళ్లు, మరాఠీలు, గుజరాతీలు, లక్నో నుంచి వచ్చినవాళ్లు. అందరూ పొద్దునో రాత్రో ఫిల్మ్ సిటీ బస్సెక్కేవారు. పై వాటాలో ఆవనూనె కాగిన రోజున మా అమ్మ కిటికీలు మూసేసేది. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ నూనెతో చేసిన చేపల పులుసు గిన్నెలో పోయించుకుని కిందికి తెచ్చుకునేది. దాదా ఆమెను 'మాసీమా', అంటే పిన్నిగారూ, అని పిలిచేవాడు. ఇప్పుడు కూడా నేను లోపలికి అడుగు పెట్టగానే మొదటి ప్రశ్న "మాసీమా మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అనే.

సంక్రాంతి సెలవులకు మా వారూ నేనూ కోల్‌కతా వెళ్లడానికి పైకి చెప్పిన కారణం వీళ్ల పిలుపు. నా సొంత కారణం వేరే ఉంది. మా ఇంటి నెత్తిన కాపురమున్న ఆ చానెల్ అసలు ఎవరి కోసం నడిచిందో, చూసినవాళ్లు ఎలా ఉంటారో కళ్లారా చూడాలని.

తెలిసిన కథే అయినా ఒకసారి చెప్పుకుందాం. రామోజీరావు 1995 ఆగస్టు 27న ఈటీవీ తెలుగును మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ఫిల్మ్ సిటీ వచ్చింది. 2000లో ఆయన తెలుగు గట్టు దాటి ఒక్కసారిగా ఇతర భాషల్లోకి దూకారు. బంగ్లా, మరాఠీ ముందు, కన్నడం, గుజరాతీ, ఒడియా, ఉర్దూ, హిందీ రాష్ట్రాల చానెళ్లు వెనకా ముందూ. అన్నింటికీ గుండెకాయ ఒక్కటే. ప్రసారం ఫిల్మ్ సిటీ నుంచే ఉపగ్రహానికి ఎక్కేది. కోల్‌కతాలో ఏం జరిగినా ఆ బొమ్మ ముందు విజయవాడ హైవే పక్కకు వచ్చి, అక్కడ కూర్పు జరిగి, అక్కడే కూర్చున్న బెంగాలీ అమ్మాయి చదివితే, ఆకాశం మీదుగా తిరిగి కోల్‌కతాకు చేరేది. ప్రతి రాష్ట్రంలో విడివిడిగా స్టూడియో, ఉపగ్రహానికి ప్రసారం పంపే భూకేంద్రం కట్టడం కంటే ఒకేచోట అన్నీ పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుందన్నది లెక్క.

"లెక్క బాగానే ఉంది. కానీ మనుషులు వలస పోవాలి కదా" అన్నాడు దాదా చేప ముల్లు తీస్తూ. మా వారి కంచంలో పార్శే చేప ముల్లు అప్పటికే గెలిచేటట్టు ఉంది. వదిన లేచి ఆయనకు ముల్లు తీసి పెట్టింది. ఇక్కడ అల్లుడికి చేసే మర్యాద అట అది.

జనవరి 12, ఆదివారం: టాలీగంజ్

చలి మనకు చలిగానే అనిపించదు, పదమూడో పద్నాలుగో డిగ్రీలు. కానీ వీధిలో ఉన్న మగవాళ్లందరి తలల మీదా మంకీ టోపీలు. ఉదయం గరియా బజారులో కచోరీ, బంగాళాదుంప కూర తిన్నాం. నాలుగు కచోరీలు, కూర, చివర వేడి జిలేబీ, ఇద్దరికీ కలిపి తొంభై రూపాయలు. మట్టి భాఁడ్‌లో టీ పది. తాగాక ఆ ముంత బుట్టలోకి విసిరేయాలంటే నాకు చెయ్యి రాలేదు. దుకాణదారు నవ్వి, తనే తీసి పగలగొట్టాడు.

అక్కడి నుంచి మెట్రో. గరియా బజారు స్టేషన్ పేరు కవి నజ్రుల్, టాలీగంజ్ స్టేషన్ పేరు మహానాయక్ ఉత్తమ్‌కుమార్. కవుల పేర్లూ నటుల పేర్లూ స్టేషన్లకు పెట్టి, వాటిని ఎవరూ వాడకపోవడం చూస్తే మన ఊళ్లే గుర్తొచ్చాయి. అందరూ 'టాలీగంజ్ దిగండి' అనే అన్నారు.

అసలు టాలీవుడ్ ఇదే, మన కంటే ముందే. 1931లో బి.ఎన్. సర్కార్ న్యూ థియేటర్స్ పెట్టింది మొదలు స్టూడియోలన్నీ ఈ చుట్టుపక్కలే. మేం ఆటో అతనితో 'స్టూడియో' అన్నాం. అతను సగం దారిలో "ఏ స్టూడియో?" అని అడిగాడు. మేం నోరు తెరిచేలోపు వెనక సీట్లో ఉన్న ముగ్గురు మూడు పేర్లు చెప్పారు, వాదన మొదలుపెట్టారు. ఇక్కడి ఆటోలు లైను ఆటోలు, బస్సులా అందరూ ఎక్కుతారు, అందరికీ అందరి గమ్యం మీదా అభిప్రాయం ఉంటుంది. చివరికి మమ్మల్ని దించింది మేం అనుకున్న గేటుకు కిలోమీటరు అవతల. ఛార్జీ పదిహేను. నేను యాభై నోటు ఇచ్చాను. అంతే, గొడవ. "ఖుచ్రో నేయి?" చిల్లర లేదా అని. కోల్‌కతాలో పెద్ద నోటు తీయడం పెద్దల ముందు కాలు మీద కాలు వేసుకున్నంత తప్పు. వెనక సీటు దీదీ తన సంచీ తీసి, ఎంచి, నాకు చిల్లర ఇచ్చి ఆ తగాదా తీర్చింది.

గేటు దగ్గర కాపలా మనిషి లోపలికి పంపలేదు. మేం పట్టుబట్టనూ లేదు. బయటే టీ బండి దగ్గర నిలబడితే చాలినంత కనిపించింది. ఒక కొత్త పెళ్లికూతురు పూర్తి ముస్తాబులో, నుదుటి నిండా చందన్ బొట్లతో, కాళ్లకు రబ్బరు చెప్పులతో వచ్చి రెండు గుడ్డు టోస్టులు చెప్పింది. పక్కనే అత్తగారి వేషంలో ఉన్నావిడ సిగరెట్టు తాగుతోంది. ఈ పెళ్లి ఇప్పటికి ఎన్నో పెళ్లి అని బండి అతను ఆ అమ్మాయిని అడిగాడు. సీరియల్లో ఆమెకు మూడోదట, అదీ ఇదే వరుడితో.

ఈ వీధి కడుపు నింపుతున్నది సినిమా కంటే సీరియల్. దానికి దాదా చెప్పే చరిత్ర ఇలా ఉంటుంది. 1999లో జీ వాళ్లు ఆల్ఫా బంగ్లా తెచ్చారు. 2000 ప్రాంతంలో ఈటీవీ బంగ్లా, స్టార్‌ నుంచి బయటికొచ్చిన రతికాంత్ బసు తారా బంగ్లా, ఆకాశ్ బంగ్లా. అప్పటిదాకా దూరదర్శన్ ఒక్కటే వడ్డించిన పంక్తిలోకి ఒకేసారి ఇంతమంది వచ్చి కూర్చున్నారు. ఆల్ఫా 2005లో జీ బంగ్లా అయింది. అదే ఏడాది స్టార్ ఆనంద వార్తా చానెల్ వచ్చింది. 2008 సెప్టెంబరులో స్టార్ జల్సా దిగాక ఆట మారిపోయింది. అప్పటి నుంచి సీరియళ్ల పోటీ జీకి, జల్సాకే. ఈటీవీ బంగ్లా మూడో పీటకు జరిగింది.

"కానీ రుచి మేం చూపించాం" అని దాదా ఒక్క మాట పట్టుకుంటాడు. రితుపర్ణ ఘోష్ అతిథులను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడే 'ఏబంగ్ రితుపర్ణో' ఈటీవీ బంగ్లాలోనే వచ్చింది. సినిమా దర్శకుడు, అదీ పేరున్నవాడు, తన పద్ధతిలో తను చీరలాంటి ఉత్తరీయం వేసుకుని కూర్చుని నటీనటులను మొహమాటం లేకుండా ప్రశ్నించడం బెంగాల్‌కు అప్పుడు కొత్త. ఆయన 2013 మే 30న, యాభై నిండకుండానే పోయారు. టీ బండి అతనికి ఆ కార్యక్రమం గుర్తుంది. ఏ చానెల్ అని అడిగితే మాత్రం "జీ" అన్నాడు. దాదాకు ఈ మాట చెప్పలేదు.

జనవరి 13, సోమవారం: గోల్ఫ్ గ్రీన్, రాస్‌బిహారీ, బాబూఘాట్

ఇవాళ భోగి. మా అమ్మ పొద్దున్నే ఫోను చేసి, మంట వేశారా అని అడిగింది. గరియాలో ఎవరో ఎండుటాకులు తగలబెడుతుంటే వదిన అక్కడ నిలబెట్టి ఫొటో తీసి పంపింది.

గోల్ఫ్ గ్రీన్‌లో దూరదర్శన్ కేంద్రాన్ని బయటి నుంచే చూశాం. కోల్‌కతా దూరదర్శన్ 1975 ఆగస్టు 9న టాలీగంజ్‌లోని రాధా ఫిల్మ్ స్టూడియోలో మొదలైంది. 1986లో ఈ భవనానికి మారింది. దాని మీద నాకు చెప్పడానికి ఇంకేమీ లేదు. టవరు ఉంది, కాకులు ఉన్నాయి.

భోజనం మాత్రం చెప్పుకోవాలి. రాస్‌బిహారీ మలుపు దగ్గర పాత పైస్ హోటల్ (పైసల కాలం నాటి చవక భోజనశాల) ఒకటి. పాలరాతి బల్లలు, అరిటాకు, మట్టి ముంతలో నీళ్లు. పలక మీద సుద్దముక్కతో నేటి చేపల జాబితా. వడ్డించే పెద్దాయన ప్రతి వడ్డనా నోటితో లెక్క కడుతూ తిరుగుతాడు, కాగితం ముట్టడు. చివర గల్లా దగ్గర నిలబడితే అక్కడి నుంచే గట్టిగా చదువుతాడు: అన్నం, పప్పు, పోస్తు (గసగసాలు) వేసిన బంగాళాదుంప, రుయీ చేప, మళ్లీ అన్నం, చట్నీ, ఆకు, నిమ్మకాయ. ఔను, ఆకుకు వేరే, నిమ్మబద్దకు వేరే. నాకు ఆ పద్ధతి నచ్చింది. ఎక్కడ ఎంతయిందో మనకు తెలుస్తుంది. ఇద్దరికీ మూడు వందల డెబ్భై. అందులో ఆకులు ఆరు రూపాయలు.

లేక్ మార్కెట్ పక్కనే. దక్షిణాది వాళ్లు తరతరాలుగా ఉన్న వాడ కనుక కరివేపాకు, ఇడ్లీ రవ్వ, మల్లెపూలు దొరుకుతాయి. బంతిపూలు అమ్మే ఆవిడ పండగకు రేటు పెంచానని ముందే చెప్పి మరీ అమ్మింది.

సాయంత్రం బాబూఘాట్ దగ్గర గంగాసాగర్ యాత్రికుల గుడారాలు చూడటానికి వెళ్లాం. పౌష సంక్రాంతి స్నానానికి సాగర్ ద్వీపం వెళ్లేవాళ్లు ముందుగా ఇక్కడ దిగుతారు. నాగా సాధువులు, రాజస్థానీ తలపాగాలు, బిహారు నుంచి మూటలు. వాళ్ల మధ్యలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక గుంపు. తెలుగు వినబడగానే మా వారు వెళ్లి పలకరించారు. "మీరు కూడా స్నానానికేనా బాబూ?" అని ఒక పెద్దావిడ అడిగింది. ఒక టీవీ చానెల్ కథ తెలుసుకోవడానికి వచ్చామంటే బాగుండదని, ఆయన ఔనన్నట్టు తలూపారు. ఆవిడ మాకు పుణ్యం కలగాలని దీవించి, చేతిలో రెండు అరిసెలు పెట్టింది.

జనవరి 14, మంగళవారం: బర్ధమాన్

యాత్ర మొత్తంలో నాకు దక్కింది ఈ రోజే.

దాదా ఒక పాత విలేకరి పేరు చెప్పి, వెళ్లి కలవమన్నాడు. తను డెస్కులో ఉన్న ఏళ్లన్నీ ఆయన ఫోనులో గొంతుగానే తెలుసట, ముఖం చూసింది ఒక్కసారే. హౌరాలో బర్ధమాన్ లోకల్ ఎక్కాం. టికెట్టు పాతిక రూపాయల లోపే. బర్ధమాన్‌కు రెండు దారులు, కార్డ్ లైను దగ్గర, మెయిన్ లైను బండేల్ మీదుగా చుట్టు. మేం ఎక్కింది మెయిన్. అయితే మరీ నష్టమేమీ లేదు. పెట్టెలోకి ఎక్కని సరుకు లేదు. ఝాల్‌ముడీ (కారం మరమరాలు) అతను డబ్బాను ఊపే చప్పుడుకు ఒక లయ ఉంది. నిమ్మ బిళ్లలు, దువ్వెనలు, పిల్లల ఎక్కాల పుస్తకం, మోకాలి నొప్పి తైలం. తైలం అమ్మే ఆయన ముందుగా రాజకీయం మాట్లాడి, పెట్టె రెండు జట్లుగా చీలాక, ఇద్దరికీ మోకాళ్లు ఒకటే అని సీసా బయటికి తీశాడు. అమ్మకు ఒకటి కొన్నాను.

బర్ధమాన్‌లో దిగి తలెత్తితే ఆకాశం నిండా గాలిపటాలు. కోల్‌కతాలో పతంగులు ఎగిరేది సెప్టెంబరులో, విశ్వకర్మ పూజకు. బర్ధమాన్‌లో మాత్రం సంక్రాంతికే. ఇక్కడి మహారాజులు పంజాబు నుంచి వచ్చిన ఖత్రీలు, ఆ అలవాటు వాళ్లతో వచ్చిందంటారు. మా వారు హైదరాబాదు పాతబస్తీలో పెరిగినవారు. రోడ్డు మీదే నిలబడి, ఒక మేడ మీది కుర్రవాడికి దారం ఎలా వదలాలో సైగలతో పాఠం చెప్పారు. వాడు ఆ పటం తెగ్గొట్టుకున్నాడు.

విలేకరి కాకూకు (బాబాయి అని పిలుపు) ఇప్పుడు అరవై దాటాయి. కర్జన్ గేటుకు కాస్త లోపలగా ఫొటో స్టూడియో. ముందు భాగంలో మొబైల్ కవర్లు అమ్ముతారు, వెనక పాస్‌పోర్టు ఫొటోలు. ఈటీవీ బంగ్లా పేరెత్తగానే ఆయన షట్టరు సగం దించి, కొడుకును మిహిదానా మిఠాయికి పంపారు.

"కలకత్తా పత్రికలు చదివితే బెంగాల్‌లో ఒకటే ఊరు ఉన్నట్టు ఉండేది" అన్నారు. "వరదొస్తే, మంత్రి వస్తే, హత్య జరిగితే తప్ప బర్ధమాన్ పేరు రాదు. వీళ్లు వచ్చి ప్రతి జిల్లాలో మనిషిని పెట్టారు. బంగాళాదుంపల ధర పడిపోయినా వార్తేనన్నారు. నేను మొదట నమ్మలేదు."

నేను ఉలిక్కిపడ్డాను. ఇది మనకు తెలిసిన పద్ధతే. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టి, మండలానికొక విలేకరిని పెట్టి, మన ఊరి బోరింగు చెడిపోయిన వార్తను మనకే అమ్మింది. పొద్దున్నే ముందు జిల్లా పేజీ తిప్పే అలవాటు మా నాన్నకు అక్కడి నుంచే వచ్చింది. అదే సూత్రాన్ని పత్రిక నుంచి తెరకు ఎక్కించి, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, భాష కూడా రాని చోట ప్రయోగించారన్నమాట. ఫిల్మ్ సిటీ, భూకేంద్రం, స్టూడియోలు డబ్బుంటే ఎవరైనా కడతారు. ఈటీవీ బంగ్లాలో నిజంగా తెలుగు నేల నుంచి వెళ్లింది ఈ జిల్లా పిచ్చి.

కాకూ వెనక గదిలోంచి ఒక అట్టపెట్టె తెచ్చారు. లోపల అగ్గిపెట్టెకు కాస్త పెద్దవిగా మినీ డీవీ వీడియో క్యాసెట్లు, ప్రతిదానికీ తెల్ల కాగితం అంటించి నీలం సిరాతో రాత. ఒకటి తీసి చేతిలో పెట్టారు. 'మేమారి, ఆలూ, రైతులు, రోడ్డు'. తారీఖు చెరిగిపోయింది. రైతులు బస్తాలు రోడ్డు మీద పోసిన రోజట. శీతల గిడ్డంగిలో పెట్టడానికి చోటు లేక, అమ్ముదామంటే కూలి కూడా రాక. చిత్రీకరించి, స్కూటరు మీద స్టేషనుకు వచ్చి, క్యాసెట్టును పేపరులో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, హౌరా వెళ్లే లోకల్‌లో తెలిసిన మనిషి చేతిలో పెట్టేవారు. ఒక్కోసారి ఆ తెలిసిన మనిషి వేరుశనక్కాయలు అమ్మేవాడే. హౌరాలో ఆఫీసు కుర్రవాడు అందుకునేవాడు. ఈలోగా ఈయన ఎస్‌టీడీ బూత్‌లో నిలబడి వార్త మొత్తం ఫోనులో చెప్పాలి.

"అటు నుంచి రాసుకునేది మీ దాదా. రెండోసారి చెప్పమంటే నాకు కోపం వచ్చేది, మీటరు తిరుగుతోంది కదా. ఆయన మాత్రం, బస్తా ఎంతకు పోయింది, ఖర్చు ఎంతయింది, ఊరు ఏ బ్లాకులోది, అన్నీ అడిగేవాడు. హైదరాబాదులో కూర్చున్న మనిషికి మేమారి బ్లాకు ఎందుకు?"

ఆ రాత్రి బులెటిన్లో మేమారి పేరు వచ్చింది. మర్నాడు ఈయన టీ కొట్టుకు వెళితే డబ్బులు తీసుకోలేదట. అన్నిటికంటే ఆయనకు గుర్తున్నది అదే. వార్త వల్ల ధర పెరిగిందా అని నేను అడిగాను. "ఆలూ ధర వార్తలు చూసి పెరుగుతుందా, అమ్మా?" అని నవ్వారు.

మిహిదానా వచ్చింది, దానితో సీతాభోగ్. రెండూ ఈ ఊరివే, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 1904లో కర్జన్ ప్రభువు వచ్చినప్పుడు ఆయన కోసం చేశారని చెబుతారు. మిహిదానా ఆవగింజంత బూందీ, పసుపుపచ్చగా, నేతిలో మెరుస్తూ. సీతాభోగ్ తెల్లగా, సన్నగా, మధ్యలో చిన్న జామూన్లతో అచ్చం పలావులా ఉంటుంది. గోబిందభోగ్ బియ్యపు పిండి, ఛెనా (విరిగిన పాల ముద్ద) కలిపి చేస్తారు. మా వారు దానిలోకి ఊరగాయ ఉందా అని వెతికారు. నాకు సీతాభోగే నచ్చింది. మిహిదానా అతి తీపి, ఒక చెంచాకే నోరు కట్టేసింది. ఈ మాట బర్ధమాన్‌లో పైకి అనకూడదు.

లేచే ముందు, చానెల్ తర్వాత ఏమయిందని అడిగాను. ఆయనకు ఆ గొడవ పెద్దగా పట్టలేదు. "యజమానులు మారారు. ఒక ఫోను వచ్చింది, తర్వాత ఫోన్లు రాలేదు" అన్నారు. ఇప్పుడు జిల్లాలో ప్రతి ఒక్కడి చేతిలో కెమెరా ఉంది. బంగాళాదుంపల వార్త తీసేవాళ్లు మాత్రం తక్కువైపోయారని ఆయన ఫిర్యాదు. అందులో కొంత ముసలితనం ఉంది, కొంత నిజం ఉంది.

తిరుగు ప్రయాణంలో కార్డ్ లైను. శక్తిగఢ్‌లో లాంగ్‌చా మిఠాయి అమ్మేవాళ్లు ఎక్కారు. కడుపులో ఖాళీ లేదు.

జనవరి 15, బుధవారం: మళ్లీ గరియా

పొద్దున సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్ చూడటానికి బస్సెక్కాం. "ఆస్తే, లేడీస్!" (మెల్లగా, ఆడవాళ్లు దిగుతున్నారు) అని కండక్టరు బస్సు గోడ మీద కొట్టాడు. నేను దిగేదాకా బస్సు నిజంగానే ఆగింది, మా వారు దిగుతుంటే మాత్రం కదిలింది. గాజు భవనాలు, మెడలో పట్టీలు, ఫుట్‌పాత్ మీద చౌమీన్. హైటెక్ సిటీ చూసినవాళ్లకు కొత్తేమీ లేదు. గంటలో వచ్చేశాం.

వదిన పాటిశాప్టా చేసింది. బియ్యప్పిండి, మైదా కలిపిన పలచటి అట్టులో కొబ్బరి, కొత్త ఖర్జూర బెల్లం కూరి చుడతారు. నోలెన్ గుడ్ అనే ఈ బెల్లం చలికాలంలోనే దొరుకుతుంది. మంచిది కిలో మూడు వందలు చెప్పారు, చవకది కొనవద్దని దాదా కళ్లతోనే వారించాడు. చవకదాంట్లో పంచదార కలుపుతారట.

సాయంత్రం శంఖాలు ఊదిన వెంటనే టీవీ మొదలు. పక్కింటి ఇద్దరు మాసీలు వచ్చి వాళ్ల వాళ్ల కుర్చీల్లో కూర్చున్నారు. ఎవరి కుర్చీ ఏదో నిర్ణయమై ఉంది. జల్సా ఒకటి, జీ ఒకటి, మళ్లీ జల్సా. ప్రకటనల సమయంలో దాదా చానెళ్లు తిప్పి కలర్స్ బంగ్లా దగ్గర ఆపాడు. "ఇదిగో మీ పై వాటా" అన్నాడు.

దాని కథ టూకీగా. 2012 జనవరిలో నెట్‌వర్క్18 ఈటీవీ చానెళ్లను కొంటున్నట్టు ప్రకటించింది. హిందీ, ఉర్దూ వార్తా చానెళ్లు పూర్తిగా, బంగ్లా, మరాఠీ, కన్నడ, గుజరాతీ, ఒడియా వినోద చానెళ్లలో సగం, తెలుగు చానెళ్లలో 24.5 శాతం. లావాదేవీ 2014లో పూర్తయింది. 2015లో ఈటీవీ బంగ్లా కలర్స్ బంగ్లాగా మారింది. వార్తలను విడదీసి 2014లో పెట్టిన ఈటీవీ న్యూస్ బంగ్లా 2018లో న్యూస్18 బంగ్లా అయింది. 2024 నవంబరులో స్టార్, కలర్స్ చానెళ్ల వయాకామ్18 కలిసిపోయాక జల్సాకు, కలర్స్ బంగ్లాకు ఒకే యజమాని. "ఒకప్పుడు ఎవరిని కొట్టాలని రాత్రింబవళ్లు కూర్చున్నామో వాళ్లతో ఒకే ఇల్లు" అని దాదా అన్నాడు. మాసీలకు ఈ బాధ ఏమీ లేదు, ప్రకటన అయిపోయిందేమో చూడమన్నారు.

అమ్మకం లేకుంటే ఏమయ్యేది అని నేను దాదాను అడిగాను. తను తారా వైపు చూపించాడు. తారా న్యూస్, తారా మ్యూజిక్ చేతులు మారి శారదా గ్రూపు కిందికి వెళ్లాయి. 2013 ఏప్రిల్‌లో ఆ చిట్టీల కంపెనీ కూలినప్పుడు జీతాలు లేక ఉద్యోగులు రోడ్డున పడ్డారు. దాంతో పోలిస్తే తమది గౌరవంగా మారిన గుమ్మమే అంటాడు. వదిన ఒప్పుకోదు. తన లెక్కలో చానెల్ పోయింది అమ్మిన రోజు కాదు, పేరు మారిన రోజూ కాదు, జిల్లా వార్తలకు సమయం తగ్గించిన రోజు. ఈ వాదన వాళ్లింట్లో పదేళ్ల నుంచి నడుస్తోంది, మేం మధ్యవర్తులుగా దొరికాం. నేను వదిన పక్షం వేశాను. బర్ధమాన్ వెళ్లి వచ్చినదాన్ని నేనే కదా.

2024 జూన్ 8న రామోజీరావు పోయినప్పుడు ఈ ఇంట్లో వంట చేయలేదట. నాకు ఆశ్చర్యం వేసింది. ఆయనను దాదా దగ్గరగా చూసింది ఎన్నడో రెండు మూడు సమావేశాల్లో, అదీ వెనక వరసలో. "చూడటం కాదు. నా మొదటి జీతం, నా కూతురి పుట్టుక, మీ అమ్మగారి పెరుగన్నం, అన్నీ ఆ గేటు లోపలికి వెళ్లడం వల్లే కదా" అన్నాడు. ఆ కూతురు హయత్‌నగర్‌లో పుట్టింది. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ఆ అమ్మాయికి తెలుగు, బెంగాలీ రెండూ వచ్చు, బెంగాలీ సీరియళ్లంటే మాత్రం పడదు.

వెళ్లేవాళ్లకు పనికొచ్చే మాటలు కొన్ని. బర్ధమాన్‌కు కార్డ్ లైను బండి అడిగి ఎక్కండి, మెయిన్ లైనుకు తీరిక ఉండాలి. హౌరా నుంచి ఎస్ప్లనేడ్‌కు నది కింద నుంచి మెట్రో ఉంది, పది రూపాయలు. జేబులో పది రూపాయల నోట్లు ఉంచుకోండి, ఐదు వందల నోటు తీస్తే ఆటోలో మర్యాద దక్కదు. సీతాభోగ్ రెండో రోజుకు పులుస్తుంది, దారిలోనే తినేయాలి. మిహిదానా ఇంటిదాకా వచ్చింది. మా అమ్మ ఒక చెంచా తిని, చక్కెర జబ్బు గుర్తొచ్చి ఆపి, మోకాలి తైలం సీసా తీసుకుని లోపలికి వెళ్లింది.